ఇంట్లో లేనివాళ్ళు

పెనుకొండలో అందరూ ఇళ్ళల్లోనే ఉన్నారు.

సుబ్రహ్మణ్యం ఏ వాకిట్లో నిలబడి పేరు పెట్టి పిలిచినా మనిషి బయటికి వచ్చాడు. కొందరు నోట్లో బీడీతోనే వచ్చారు. సైకిళ్ళ అంగడి ఎర్రిస్వామి అయితే ట్యూబుకు అతుకు వేస్తూ తల కూడా ఎత్తలేదు.

"మాన్లేదప్పా, రాసుకో," అన్నాడు. "నువ్విచ్చిన కాగితం మాత్రం పారెయ్యలే. మా ఇంటిది బియ్యం డబ్బా కింద పరిచింది."

"చదివినారా?"

"బొమ్మ చూస్తి. ఆ ఊపిరితిత్తుల బొమ్మ చూసి మా మనవరాలు గుమ్మడికాయలంటాది. కూర్చో అప్పా, టీ తాగి పో. బీడీ వద్దంటావు కదా, టీకేం దోషం?"

సుబ్రహ్మణ్యం టీ తాగాడు. టీ వేడిగా ఉందని తెలిసింది. అంతకు మించి ఏమీ తెలియలేదు. కొంతకాలంగా అతనికి ఏ రుచైనా అంతే. తీపి అని తెలుస్తుంది, కారం అని తెలుస్తుంది, ఎవరో పక్కనుంచి చెబుతున్నట్టు.

అది ఎనభై నాలుగో సంవత్సరం. హిందూపురంలో ఒక ట్రస్టు నడిపే ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో అతను ఆరోగ్య బోధకుడు. తిరుపతిలో మనస్తత్వశాస్త్రం చదివి వచ్చినవాడు కాబట్టి, రోగులతో మాట్లాడే పని పెద్ద డాక్టరు భాస్కరయ్య అతనికి అప్పగించాడు. ఆర్నెల్ల కిందట డాక్టరుకు ఒక ఆలోచన వచ్చింది. బీడీ మానమని మనిషికి మనిషి చెబితే మానతారా, కాగితం ఇచ్చి ఊరుకుంటే మానతారా, తేల్చాలి. హిందూపురంలోనూ ధర్మవరంలోనూ కలిపి వందమందితో సుబ్రహ్మణ్యం కూర్చుని మాట్లాడాలి. పెనుకొండలో వందమందికి అచ్చువేసిన కాగితం ఇచ్చి రావాలి. ఆర్నెల్ల తర్వాత వెళ్ళి ఎవరు మానారో చూడాలి.

"ఏం మాట్లాడాల సార్?" అని అప్పుడు సుబ్రహ్మణ్యం అడిగాడు.

"సలహా ఇవ్వవయ్యా. నువ్వు చదువుకున్నది అదే కదా," అన్నాడు భాస్కరయ్య.

సలహా ఎలా ఇవ్వాలో ఏ పుస్తకంలోనూ అతనికి దొరకలేదు. దొరికినవి ఈ ఊళ్ళ మనుషులకు పనికొచ్చేవి కావు. చివరికి తనకు తెలిసిన ఒకే ఒక్క మార్గం పట్టుకున్నాడు. అది అతని మీద పనిచేసిన మార్గం.

అంతకు రెండేళ్ళ ముందు అతని భార్య అన్నపూర్ణ గుండెజబ్బుతో పోయింది. చిన్నప్పటి కీళ్ళజ్వరం గుండెకు పట్టిందని డాక్టర్లు చెప్పారు. ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం ఆమె అతని కుడి చేతిని తన రెండు చేతుల్లోకి తీసుకొని, "ఆ సిగరెట్లు మానేస్తానని మాటియ్యి," అంది. ఇచ్చాడు. మళ్ళీ ముట్టుకోలేదు. కష్టం కూడా అనిపించలేదు. మానేసినవాళ్ళు చెప్పే చిరాకు, నిద్రలేమి, అకారణమైన ఆకలి, ఏవీ అతనికి రాలేదు. వాటితో పాటు ఇంకేవీ కూడా రాలేదు. శవాన్ని ఎత్తినప్పుడు ఏడుపు రాలేదు. తర్వాతైనా వస్తుందనుకున్నాడు. తనను తాను ఒక రోగిని చూసినట్టు చూసుకుంటూ, ఇది కొన్నాళ్ళుంటుంది, తర్వాత పోతుంది అని చెప్పుకున్నాడు. పోలేదు. ఆమె పట్టుకున్న చెయ్యి మాత్రం అప్పుడప్పుడు తనది కానట్టు మొద్దుబారేది. అన్నం కలుపుతూ ఆ చేతిని వింతగా చూసుకునేవాడు.

అందుకని బీడీలు తాగే మగవాళ్ళ ఎదురుగా కూర్చుని అన్నపూర్ణ సంగతి చెప్పేవాడు. తన గొంతు తనకే దూరంగా వినిపించేది. ఎదుటివాళ్ళు మాత్రం కదిలిపోయేవాళ్ళు. చివర్లో, "మీరూ నా చేతిలో చెయ్యేసి మాటియ్యండి," అనేవాడు. ఒక్కరు కూడా కాదనలేదు. భార్యను పోగొట్టుకున్నవాడు చెయ్యి చాపితే ఏ మనిషి కాదంటాడు?

పెనుకొండ ముగించుకొని పాసింజరు ఎక్కి ధర్మవరంలో దిగాడు. అది అతను పుట్టి పెరిగిన ఊరు. దూదేకుల లాల్‌సాబ్ అతనితో పాటు బళ్ళో ఒకే బెంచీ మీద కూర్చున్నవాడు. లాల్‌సాబ్ తండ్రి నాటి నుంచి పరుపులు కుడతారు. సందు మొదట్లోకి రాగానే దూదేకే విల్లు మోత వినిపించింది. నారి మీద కొట్టినప్పుడల్లా సందంతా జుమ్మని కదిలే ఆ చప్పుడు చిన్నప్పుడు అతనికి చాలా ఇష్టం. వాళ్ళ ఇంటి వైపు తిరిగేసరికి మోత ఆగిపోయింది.

లాల్‌సాబ్ భార్య దౌలత్‌బీ తలుపు సగమే తీసింది. ఆమె జుట్టు మీద దూది పింజలు ఉన్నాయి.

"ఆయన ఊర్లో లేడన్నా. బెంగళూరు పోయినాడు."

"ఎప్పుడు?"

"పోయి శానా దినాలాయె."

"ఎప్పుడొస్తాడు?"

"ఏమో అన్నా. పనికి పోయినోళ్ళు ఎప్పుడొస్తారని చెప్తారా?"

లోపల ఎవరో దగ్గారు. దగ్గును గుడ్డలో నొక్కేసినట్టు వినిపించింది. దౌలత్‌బీ మొహం ఎర్రబడింది. "మా మామ," అంది. లాల్‌సాబ్ తండ్రి చనిపోయి చాలా ఏళ్ళయింది. ఆ పాడెకు ఒక కొమ్ము సుబ్రహ్మణ్యమే పట్టాడు. ఆ సంగతి ఆమెకూ తెలుసు. ఇద్దరూ ఒక్క క్షణం నేల చూశారు. అతను 'దొరకలేదు' అని రాసుకొని వచ్చేశాడు.

ఎందుకు ఏమీ అనలేదో అతనికి తర్వాత అర్థం కాలేదు. కోపం రావాల్సిన చోట కోపం రాలేదు, అంతే.

ధర్మవరంలో మిగతా ఇళ్ళూ ఇలాగే ఉన్నాయి. ఒకాయన తాడిమర్రిలో పెళ్ళికి పోయాడు. ఒకాయన ఓబులదేవరచెరువులో చెల్లెలింటికి పోయాడు. ఎక్కువమంది బెంగళూరే పోయారు. ఆడవాళ్ళు గబగబా చెప్పి తలుపులు వేసుకున్నారు. మానేసినవాళ్ళు మాత్రం ఎదురొచ్చి, చొక్కా సర్దుకొని, బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు, "మానేస్తి సార్," అని చెప్పారు. హిందూపురం మార్కెట్లో హమాలీ నరసప్ప అతన్ని చూసి బెల్లం మూటల వెనక్కి దూకాడు. మూటల మీద నుంచి సన్నగా పొగ లేస్తూ ఉంది.

"నరసప్ప యాడప్పా?" అని సుబ్రహ్మణ్యం పక్కనున్నవాణ్ణి అడిగాడు.

"చిలమత్తూరు పోయినాడు సార్," అన్నాడు వాడు నవ్వాపుకుంటూ. "ఇప్పుడే పోయె."

*

డాక్టర్ భాస్కరయ్య అంకెలు చూసి కుర్చీలో వెనక్కి వాలాడు. చాలా రోజుల తర్వాత ఆయన మొహం వెలిగింది.

"సగం మందయ్యా! నువ్వు మాట్లాడినవాళ్ళలో సగం మంది మానేశారు. పెనుకొండలో చూడు, నూటికి పదహారు."

"సగం కాదు సార్. వందమందిలో దొరికింది నలభై మందే. వాళ్ళలో సగం."

"దొరికినవాళ్ళనే కదయ్యా లెక్కపెడతాం. కరువు సీమ, జనం కూలికి పోతారు. దొరకనోళ్ళను తీసేయ్. అందరూ అట్లే చేస్తారు." ఆయన పెన్ను మూత తీశాడు. "హైదరాబాదు డాక్టర్ల సభలో చదువుతా. పోయినసారి ఆరోగ్యశాఖ డైరెక్టరుకు చెప్తే చాలా ఇష్టపడినాడు. అంకెలు బాగుంటే వచ్చే ఏడాది జిల్లాలో ప్రతి ఆసుపత్రిలోనూ ఇదే పెట్టిస్తాడంట. ఒక్కొక్క చోటికి మనిషిని నువ్వే తయారు చెయ్యాల."

"ఏం చేసినామని రాస్తారు సార్?"

"సలహా ఇచ్చినాము అని. ఒక లైను చాలదూ?"

సుబ్రహ్మణ్యం ఆ లైను వైపు చూశాడు. అది చాలా శుభ్రంగా ఉంది. అందులో ఎవరి చెయ్యీ లేదు.

"పెనుకొండోళ్ళు మాత్రం కూలికి పోలేదేం సార్?" అన్నాడు.

"ఏంటి?"

"కరువు వాళ్ళకీ ఉండాది కదా. అందరూ ఇంట్లోనే ఉన్నారు."

భాస్కరయ్య నవ్వాడు. "నీ అదృష్టం బాగుందయ్యా ఆ ఊర్లో," అన్నాడు.

సుబ్రహ్మణ్యం నవ్వలేదు. ఆ మాట అడిగేదాకా తను ఆ ప్రశ్న అడగబోతున్నాడని అతనికే తెలియదు. అడిగాక జవాబు తనంతట తానే వచ్చి ఎదుట కూర్చుంది. పెనుకొండ వాళ్ళు అతనికి ఏమీ ఇవ్వలేదు. అందుకని దాక్కోవాల్సిన పని వాళ్ళకు లేదు. ఇక్కడి వాళ్ళు మాట ఇచ్చారు. ఈ ప్రాంతంలో చేతిలో చెయ్యేసి మాట ఇచ్చి తప్పినవాడు ఆ మనిషికి ఎదురుపడడు. సందు మారి పోతాడు, బస్సు దిగి నడిచి పోతాడు, పెళ్ళాంతో అబద్ధం చెప్పిస్తాడు. బీడీ మానలేనివాళ్ళే ఇంట్లో లేనివాళ్ళు. వాళ్ళను తీసేస్తే మిగిలేది మాట నిలబెట్టుకున్నవాళ్ళు, దాక్కునే వీల్లేక దొరికిపోయిన కొందరు. అప్పుడు ఎంతమంది మానారని అడిగితే సగమనే వస్తుంది మరి.

చిన్నప్పటి నుంచి ఆ అలవాటు అతనికి తెలుసు. తెలిసి కూడా తట్టలేదు. పుస్తకాల్లో మనసు గురించి చదివేటప్పుడు ఆ మనసుకు ఒక ఊరుంటుందని అతను మరిచిపోయాడు.

"రెండు దినాలు ఆగండి సార్," అన్నాడు.

*

లాల్‌సాబ్ సందులో విల్లు మోత ఈసారి కూడా అతని అడుగు చప్పుడుకే ఆగిపోయింది. దౌలత్‌బీ తలుపు తీయబోతుంటే సుబ్రహ్మణ్యం అరుగు కిందే నిలబడిపోయాడు. కిటికీ వైపు తిరిగి, సందంతా వినేలా అన్నాడు.

"దౌలత్‌బీ, లాల్‌సాబ్ బెంగళూరు నుంచి వచ్చినాక చెప్పు. ఆయప్ప నాకిచ్చిన మాట ఆయప్పకు తిరిగిచ్చేస్తాండా. బీడీ తాగినా సరే, తాగకున్నా సరే. నాకు చెల్లాల్సింది ఏమీ లేదని చెప్పు."

ఆమె అయోమయంగా చూసింది. తర్వాత గోడ అవతల నుంచి ఒక బొంగురు గొంతు వచ్చింది.

"ఎట్ల తిరిగిస్తావు సుబ్బప్పా? అదేమన్నా చెంబా, అడిగి తెచ్చుకొని కడిగి ఇచ్చేదానికి?"

"ఇస్తే తీసుకోవా?"

"తీసుకునే అలవాటు మాకు లేదు. ఇచ్చేదే అలవాటు."

"మరి బెంగళూరు నుంచి ఎప్పుడొస్తివి?"

"ఇప్పుడే. పాసింజరు లేటు."

దౌలత్‌బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపైంది. లాల్‌సాబ్ తలుపు దగ్గరికి వచ్చాడు. ఆర్నెల్లలో మనిషి సగమయ్యాడు. మెడ ఎముకలు బయటికి వచ్చాయి. చెవి మీద బీడీ ఉంది. దాన్ని తీసి దాచబోయి, మానుకొని, అక్కడే ఉంచాడు.

"చూడన్నా ఈయప్ప వాలకం," అంది దౌలత్‌బీ. "దగ్గితే రక్తం పడతాండాది. ఆసుపత్రికి పోదాం పా అంటే, ఆడ సుబ్రమణ్యమన్న కూర్చోనుంటాడు, ఏం మొగం పెట్టుకొని పోదును అంటాడు. వేరే ఆసుపత్రికన్నా పోదామంటే, ఆడికి కూడా చెప్పి పెట్టింటాడు అంటాడు. నువ్వేమన్నా పోలీసువా?"

సుబ్రహ్మణ్యం అరుగు మీద కూర్చున్నాడు. ఆ వార్త తనకు ఎక్కడో తగిలి ఉండాలి. ఎక్కడ తగిలిందో వెతికాడు. దొరకలేదు.

"బీడీ తాగినందుకు అంత సిగ్గా లాల్‌సాబ్?"

"బీడీకి ఎవరు సిగ్గుపడ్తారప్పా?" లాల్‌సాబ్ పక్కన చతికిలబడ్డాడు. మాటకూ మాటకూ మధ్య ఊపిరి తీసుకున్నాడు. "నువ్వొస్తివి. అన్నపూర్ణమ్మ చెయ్యి పట్టుకున్నట్ల నా చెయ్యి పట్టుకుంటివి. ఆ తల్లి నాకు ఎన్నిసార్లు అన్నం పెట్టింది! సచ్చిపోయిన మనిషి మీద మాట తీసుకుంటివి. నాలుగు దినాలు ఆగితి. ఐదో దినం పరుపు కుడతా కుడతా తాగేస్తి. ఆ పొద్దు నుంచి నీకు కాదప్పా, ఆయమ్మకు ద్రోహం చేసినట్ల అయిపాయె. పాపం, నీ సిగరెట్ల పొగకే కదా ఆయమ్మ పాయె."

"కాదు," అన్నాడు సుబ్రహ్మణ్యం.

"ఏంది?"

"ఆమెకు చిన్నప్పటి నుంచీ గుండెజబ్బు. నా సిగరెట్లతో రాలేదు."

లాల్‌సాబ్ అతని వైపు తిరిగాడు. "మరి ఆ పొద్దు అట్ల చెప్తివే?"

"అట్ల చెప్పలేదు."

"కాదని కూడా చెప్పలేదు కదప్పా."

అది నిజం. వందమంది దగ్గరా కాదని చెప్పలేదు. చెప్పకపోతే ఎక్కువ పనిచేస్తుందని అతని లోపల ఏదో ఒకటి లెక్కగట్టింది. ఆ లెక్క కట్టినవాడు ఎవరో తెలియని మనిషిలా అనిపించాడు. ఆ మనిషే ఆసుపత్రిలో జీతం తీసుకుంటున్నాడు, ఆ మనిషే చెయ్యి చాపుతున్నాడు.

"సరేలే," అన్నాడు లాల్‌సాబ్. "నా మాట నువ్వు తిరిగిస్తివి. ఆయమ్మకు నువ్వు ఇచ్చింది ఎవరియ్యాల?"

లాల్‌సాబ్ లోపలికి వెళ్ళి విల్లు అందుకున్నాడు. నారి జుమ్మంది. రెండు దెబ్బలకే దగ్గు అడ్డం వచ్చింది.

"రేపు ఆసుపత్రికి రా," అన్నాడు సుబ్రహ్మణ్యం కిటికీలోంచి. "మాటియ్యాల్సిన పని లేదు. వస్తే రా."

ఆ సాయంత్రం, మర్నాడు, అతను ధర్మవరంలోనూ హిందూపురంలోనూ మూసిన ప్రతి తలుపు ముందు నిలబడి అదే మాట చెప్పాడు. బెంగళూరు వెళ్ళినవాళ్ళు వంటింట్లోంచి వచ్చారు. తాడిమర్రి పెళ్ళికి పోయినవాడు మంచం కిందనుంచి వచ్చాడు. నరసప్ప మూటల వెనక నుంచి తలెత్తి, "నిజంగానా సార్? మళ్ళా అడగరు కదా?" అని రెండుసార్లు అడిగి బయటపడ్డాడు. నిజంగానే కూలికి పోయినవాళ్ళు కొందరున్నారు; వాళ్ళూ మానలేదని ఇంటివాళ్ళే చెప్పారు. దాక్కున్నవాళ్ళలో మానినవాడు ఒక్కడూ లేడు. మాట్లాడిన వందమందిలో మానింది ఆ మొదటి ఇరవై మందే. పెనుకొండలో కాగితం పదహారు మందిని మాన్పించింది.

*

రిపోర్టు అతను ఇంగ్లీషులోనే రాశాడు. పొట్టి వాక్యాలు రాశాడు. సలహా ఇచ్చాము అన్న లైను కొట్టేసి, ఆ చోట ఏం జరిగిందో వరసగా పెట్టాడు. ఎవరి ఇంట్లో కూర్చున్నారు, ఎంతసేపు, ఏ భాషలో, ఎవరు మాట్లాడారు. పెనుకొండలో కాగితంతో పాటు టీ తాగుతూ నాలుగు మాటలు కూడా నడిచాయని రాశాడు. మాట్లాడిన మనిషి తన భార్య మరణం గురించి చెప్పాడు. ఆమె జబ్బుకు పొగతో సంబంధం లేదు. ఆ సంగతి విన్నవాళ్ళకు చెప్పలేదు. ఆమె తన చెయ్యి పట్టుకున్నట్టే వాళ్ళ చేతులు పట్టుకొని మాట తీసుకున్నాడు. మాట తప్పినవాళ్ళు ఆ మనిషి నుంచీ, ఆసుపత్రి నుంచీ దాక్కున్నారు. వాళ్ళలో ఒకరికి రక్తం పడుతోంది.

'ఆమె' అని రాసిన చోట పెన్ను ఆగుతుందేమోనని ఎదురుచూశాడు. ఆగలేదు. ఇన్నాళ్ళలో అన్నపూర్ణ చనిపోయిందని అతను రాయడం అదే మొదటిసారి. అక్షరాలు మిగతా అక్షరాల్లాగే వచ్చాయి.

భాస్కరయ్య నిలబడే చదివాడు. చదువుతూ చదువుతూ కూర్చున్నాడు.

"ఇదంతా ఎవరు చదువుతారయ్యా?" అన్నాడు చివరికి. గొంతులో కోపం లేదు. "ఇరవైకీ పదహారుకీ తేడా ఏముంది? మన పని పనిచెయ్యలేదని మనమే దండోరా వేసుకున్నట్లుంది."

"పనిచెయ్యలేదు కదా సార్."

"పోనీ అంకెలు నువ్వన్నట్లే పెడదాం. ఈ సొంత సంగతులు ఎందుకు? నీ ఇంటి విషయం. చేతులు పట్టుకున్నది, మాట తీసుకున్నది… తీసేద్దాం."

"తీసేస్తే, రేపు మడకశిరలోనో కదిరిలోనో ఇంకొకడు సలహా ఇవ్వమంటే ఏం చేస్తాడు సార్? వాడికీ తోచేది ఇదే. వాడూ చెయ్యి చాపుతాడు. ఆడ కూడా మనుషులు మంచాల కింద దూరతారు. రోగమొచ్చినా మన గడప తొక్కరు."

భాస్కరయ్య కళ్ళజోడు తీసి చాలాసేపు తుడిచాడు. హైదరాబాదు సభ, డైరెక్టరు, జిల్లా అంతా, అవి ఆయన మొహంలోంచి ఒకటొకటిగా దిగిపోవడం సుబ్రహ్మణ్యం చూశాడు. జాలిపడాలని తెలుసు.

"నా పేరు తీసెయ్యి," అన్నాడు ఆయన. "నీ పేరు మీద పంపుకో. సభలో చదవను. ఏదన్నా పత్రిక వేసుకుంటే వేసుకుంటుంది. డైరెక్టరుతో ఇప్పుడే వద్దని చెప్తాలే." తలుపు దగ్గర అతను ఆగినప్పుడు, కాగితాల మీద నుంచి చూపు ఎత్తకుండానే, "అన్నపూర్ణమ్మ విషయం నాకు ఒక్క మాట కూడా చెప్పలేదేమయ్యా," అన్నాడు.

"మీరు అడగలేదు సార్," అన్నాడు సుబ్రహ్మణ్యం. నిష్ఠూరంగా కాదు, ఉన్నమాట అన్నట్టే.

వరండాలోకి వచ్చేసరికి ఎక్స్‌రే గది బయట బెంచీ మీద నుంచి ఎవరో గట్టిగా కేక వేశారు.

"ఏం సుబ్బప్పా! ఈడికి రా!"

లాల్‌సాబ్. పక్కన దౌలత్‌బీ, ఒళ్ళో టిఫిన్ క్యారియరు. చెవి మీద బీడీ అందరికీ కనిపించేలా ఉంది. నర్సు ముత్యాలమ్మ దాన్ని చూసి ఏదో అనబోయి, సుబ్రహ్మణ్యం వస్తుంటే ఊరుకుంది.

"నేను మాన్లేదు," అన్నాడు లాల్‌సాబ్, వరండా అంతా వినేలా.

"తెలుసు."

"మానేటట్ల కూడా లేను."

"సరే. ముందు లోపలికి పో."

"ఆ గదిలోకి బీడీతో పోనియ్యరంట." లాల్‌సాబ్ చెవి మీది బీడీ తీసి అతని కుడి చేతిలో పెట్టాడు. "పట్టుకో. పారెయ్యొద్దు, తాగొద్దు. వచ్చి తీసుకుంటా."

ముత్యాలమ్మ అతన్ని లోపలికి తీసుకెళ్ళింది. తలుపు మూసుకుంది. దౌలత్‌బీ క్యారియరు మీద చేతులు పెట్టుకొని ఆ తలుపునే చూస్తూ కూర్చుంది. సుబ్రహ్మణ్యం బెంచీ మీద ఆమెకు అవతలగా కూర్చున్నాడు. బీడీ చాలా తేలికగా ఉంది. ఆకు గరుకుగా, కట్టిన దారం ఎర్రగా ఉంది. ముక్కు దగ్గరికి తీసుకుంటే వాసన తెలుస్తుందేమో అనుకున్నాడు గాని తీసుకోలేదు. వేళ్ళు మూశాడు, నలగకుండా. లోపల దగ్గు వినిపించింది. ఈసారి ఎవరూ దాన్ని గుడ్డలో నొక్కలేదు.

కొంతసేపటికి, మొద్దుబారే ఆ అరచెయ్యి చెమర్చింది. బీడీ తడిసిపోతుందని చెయ్యి మార్చుకున్నాడు.